మోగితే ఆగాలా, పోవాలా?

బాలికల ఆశ్రమ పాఠశాల, కొత్తగూడ మండలం
జూన్ నెలాఖరు

ప్రియమైన అల్ఫియా,

చేతిరాత ఉత్తరం చూసి నవ్వుకుంటున్నావేమో. ఏం చేయను? ఈ అడవిలో ఫోను పలకదు. పోయిన ఆదివారం మండల కేంద్రం దాకా వెళ్లి, బస్సు షెల్టర్ కింద నిలబడి నీకు నా ప్రోగ్రాం చదివి వినిపించాను కదా. నేను బ్రాకెట్ అంటే నువ్వు బకెట్ అని విన్నావు. ఏ బకెట్, ఎన్ని నీళ్లు అని నువ్వు అడుగుతుండగానే సిగ్నల్ పోయింది. ఇక ఈ సంగతి కాగితం మీదే తేలాలి.

మొదటి నుంచి చెబుతాను. మా బడికీ అవతలి గూడేనికీ మధ్య వాగు ఉంది. దాని మీద చిన్న వంతెన. వాన వస్తే నీళ్లు దాని పైనుంచే పారతాయి. ఇక్కడ ఎండ కాస్తుండగానే, పైన గుట్టల్లో పడిన వాన ఉన్నట్టుండి వచ్చి మీద పడుతుంది. పోయిన ఏడు ఒక మోటారు సైకిల్ కొట్టుకుపోయింది. మనిషి చెట్టు కొమ్మ పట్టుకుని బతికాడు. వరంగల్ పాలిటెక్నిక్‌లో మనం చదివిన ఎలక్ట్రానిక్స్ ఎక్కడైనా పనికి రావాలంటే ఇదే చోటు అని అప్పుడే అనుకున్నాను.

వంతెన పక్కన ఇనుప స్తంభం పాతించి, నీటి ఎత్తు కొలిచే సెన్సర్ కట్టాను. దానికి అరచేతిలో పట్టే చిన్న బోర్డు, ఒక సోలార్ పలక, ఒక సైరన్. ప్రోగ్రాం సి భాషలో నేనే రాశాను. నీటి ఎత్తును వరుసగా పదిసార్లు కొలవాలి, సగటు తీయాలి, అది ప్రమాద మట్టం దాటితే సైరన్ మోగాలి. అంతకు మించి ఏమీ లేదు. మా బడిలో వంట చేసే పెంటమ్మ సైరన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆమె ఇల్లు గూడెంలోనే. రోజూ పొద్దున వాగు దాటి వస్తుంది, సాయంత్రం వాగు దాటి పోతుంది. "ఇగ మాకు బుగులు లేదు పంతులమ్మా" అన్నది.

ఆ బుగులు ఇప్పుడు నాకు పట్టుకుంది. నీళ్లు పెరుగుతుంటే అది నోరు మెదపదు. పెరగనప్పుడు గోల చేస్తుంది. అదే ప్రోగ్రాం లాప్‌టాప్‌లో పెట్టి, నీళ్ల ఎత్తులు నేనే అంకెలుగా ఇస్తే చక్కగా పనిచేస్తుంది. సరే, బోర్డు పాడైందేమో అని బడికి తెచ్చి, కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, సెన్సర్‌ను నీళ్ల తొట్టి మీద వేలాడదీశాను. కొలిచిన అంకెలు తెర మీద కనిపించేలా ఒక లైను అదనంగా రాశాను. బుద్ధిగా పనిచేసింది! ఆ లైను తీసేసి, కేబుల్ పీకి, వాగు దగ్గర పెడితే మళ్లీ పిచ్చి మొదలు.

ఆ లైను ఉంచేయొచ్చు కదా అంటావు. ఉంచి చూశాను. కేబుల్ లేకపోతే బోర్డు ఆ లైను దగ్గరే లాప్‌టాప్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

తప్పు నాదా, బోర్డుదా, వాగుదా? ప్రోగ్రాం అంతా మూడు కాగితాల మీద రాసి దీనితో పంపుతున్నాను. జర చూడు.

నీ అహల్య


జనగామ
జూలై మొదటి వారం

అహల్యా,

నీ ఉత్తరం భూపాలపల్లికి వెళ్తే, మా హాస్టల్ వాళ్లు దాన్ని ఇక్కడికి మళ్లించారు. పీరీల పండుగకు ఇంటికి వచ్చాను. కాలేజీలో పిల్లలకు ల్యాబు పాఠాలు చెప్పడం తప్పించుకున్నానని సంబరపడుతుంటే, నువ్వు మూడు కాగితాల పరీక్ష పేపరు పంపావు.

తమ్ముడు షాహిద్ కంప్యూటర్‌లో నీ ప్రోగ్రాం మొత్తం ఎక్కించాను. నేను చదువుతుంటే వాడు కొట్టాడు. నీళ్లు పెరుగుతున్నట్టు అంకెలు ఇచ్చాం, మోగమంది. తగ్గుతున్నట్టు ఇచ్చాం, ఊరుకుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. "గిండ్ల తప్పేమున్నదక్కా? ఆ వాగుకే దిమాక్ ఖరాబైనట్టున్నది" అన్నాడు షాహిద్.

అందుకని నా అనుమానం సెన్సర్ మీద. దాని ముఖం మీద సాలెపురుగు గూడు కట్టినా, తేమ పట్టినా తప్పుడు ఎత్తు చూపిస్తుంది. తుడిచి చూడు. వీలైతే మార్చు. వైర్ల అతుకులు కూడా చూడు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. అంకెలు చూపించే లైను ఉంటే బాగుపడటం ఏంటి? తీస్తే పాడవటం ఏంటి? ఆ లైను లెక్కలో దేన్నీ ముట్టుకోదు. చూస్తున్నామని తెలిసి బుద్ధిగా ఉండటానికి అదేమన్నా మన హాస్టల్ పిల్లా?

ఈసారి అది మోగినప్పుడు వాగు ఎలా ఉందో సరిగ్గా రాయి. "పిచ్చి మొదలు" అంటే నాకు అర్థం కాదు.

అమ్మ నీకు మలీదా పంపమంది. పోస్టులో పోదని చెప్పి నీ వాటా నేనే తిన్నాను.

అల్ఫియా


బాలికల ఆశ్రమ పాఠశాల, కొత్తగూడ మండలం
జూలై మూడో వారం

ప్రియమైన అల్ఫియా,

సాలెగూడు లేదు. తేమ లేదు. మహబూబాబాద్ నుంచి కొత్త సెన్సర్ తెప్పించి కట్టాను. అతుకులన్నీ మళ్లీ వేశాను. చేయి కాలింది కూడా. ఫలితం ఏమీ మారలేదు.

పోయిన వారం వాగు వంతెన మీదికి ఎక్కింది. నేను గొడుగు పట్టుకుని స్తంభం కింద నిలబడ్డాను. నీళ్లు మడమ దాకా, పిక్కల దాకా, మోకాలి దాకా వచ్చాయి. నా సైరన్ దేవుడి విగ్రహంలా ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది. తరువాత వాన వెలిసి, నీళ్లు తగ్గడం మొదలైందో లేదో, ఎవరో గిచ్చినట్టు అరవడం మొదలుపెట్టింది. నీళ్లు నిలకడగా ఉన్న రోజున చూస్తే ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. దానికి ఒక పద్ధతి ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు.

హెడ్మాస్టరమ్మ మంచిదే కానీ, "పీకేద్దామా అహల్యా, పిల్లలు ఉలిక్కిపడుతున్నారు" అని రెండుసార్లు అడిగింది. పెంటమ్మ ఒక్కతే నన్ను వెనకేసుకొస్తుంది. నిన్న ఇంకో నవ్వులాట జరిగింది. గూడేనికి ఆటో నడిపే వాల్యా కలిశాడు. "సారీ వాల్యా, మిషిను ఇంకా బాగు కాలేదు" అన్నాను. అతను ఆశ్చర్యపోయాడు.

"ఎందుకు బాగు గాలే టీచరమ్మా? మంచిగనే ఉన్నది గద. గది మొత్తుకుంటె వాగు దిగుతాందన్నట్టు. జరసేపు ఆగి మేము బండ్లు తీస్తున్నం. మా గూడెం మందికంత ఎర్కే."

చూశావా, నా యంత్రం మీద నాకంటే వాళ్లకే ఎక్కువ నమ్మకం. నవ్వాలో ఏడవాలో తెలియక తలూపి వచ్చేశాను.

లాప్‌టాప్‌లో సరే, తొట్టి మీద సరే, వాగు మీద మాత్రం పిచ్చి. ఒకే ప్రోగ్రాం చోటుకో రకంగా ఎలా ఉంటుంది? కలలో కూడా ఆ అంకెలే వస్తున్నాయి.

నీ అహల్య


భూపాలపల్లి
ఆగస్టు మొదటి వారం

అహల్యా! అహల్యా!

దొరికింది. ముందు కూర్చో.

నువ్వు "చోటుకో రకంగా" అని రాశాక నాకు పట్టుదల పెరిగింది. నేను పాఠాలు చెప్పే ల్యాబులో రకరకాల కంప్యూటర్లు ఉన్నాయి. అన్నిటిలో నీ ప్రోగ్రాం నడిపాను. ఒకటి షాహిద్ కంప్యూటర్‌లాగే సరైన జవాబు చెప్పింది. ఇంకొకటి ప్రమాద మట్టం ఎంత అని అడిగితే మనం దానికి ఎన్నడూ ఇవ్వని అంకె చూపించింది. మూలన పడేసిన పాత లైనక్స్ మిషన్ మాత్రం ఠక్కున ఆపేసి, మెమరీ పాడైంది అని ఒక వాక్యం పడేసి కూర్చుంది. ఆ ఒక్క వాక్యానికి దాని మీద చేయి వేసి నిమిరాను. పిల్లలు నన్ను వింతగా చూశారు.

ఇప్పుడు విను. పది కొలతలు దాచడానికి నువ్వు అర్రే పెట్టావు. అంటే వరుసగా పది గదులు. సి భాషలో గదుల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఆఖరి గది నంబరు తొమ్మిది. నువ్వు మాత్రం "నంబరు పది కంటే తక్కువ లేదా సమానం అయ్యే దాకా నింపు" అని రాశావు. తక్కువ గుర్తు పక్కన ఒక సమానం గుర్తు. దాంతో అది పదకొండో కొలత తీసుకుని, లేని పదకొండో గదిలో పెట్టబోతుంది. వేరే భాషలు కొన్ని అక్కడే చేయి పట్టుకుని ఆపుతాయి. సి ఆపదు. ఆ పక్కన ఏముంటే దాని మీదే రాసేస్తుంది.

లాప్‌టాప్‌లో ఆ పక్కన ఖాళీ జాగా ఉంది. ఎవరికీ నష్టం లేదు. నీ చిన్న బోర్డులో స్థలం తక్కువ, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అక్కడ పక్కనే ఉన్నది నీ ప్రమాద మట్టం! ప్రతిసారీ దాన్ని చెరిపేసి, అప్పటి నీటి ఎత్తును దాని చోట రాస్తోంది. తెర మీద చూపించే లైను పెట్టినప్పుడు ఆ గదుల సర్దుబాటు మారి, ప్రమాద మట్టం ఇంకో చోటికి జరిగింది. అందుకే బడిలో బుద్ధిమంతురాలు.

అంటే వాగు దగ్గర అది ఇన్నాళ్లూ పది కొలతల సగటును ప్రమాద మట్టంతో కాక, తాజా నీటి ఎత్తుతో పోలుస్తోంది. నీళ్లు పెరుగుతుంటే సగటు ఎప్పుడూ తాజా ఎత్తు కంటే తక్కువే ఉంటుంది. మోగదు. తగ్గుతుంటే సగటు ఎక్కువ. మోగుతుంది! మీ వాల్యా చెప్పింది అక్షరాలా నిజం.

ఆ సమానం గుర్తు తీసెయ్. ఒక్క గుర్తు, అంతే. ఇన్నేళ్లుగా పిల్లలకు "సున్నా నుంచి లెక్కపెట్టండి" అని అరుస్తున్నాను కానీ, అది తప్పితే ఏమవుతుందో నేను కళ్లారా చూడటం ఇదే మొదలు.

విజయోత్సాహంతో,
అల్ఫియా


బాలికల ఆశ్రమ పాఠశాల, కొత్తగూడ మండలం
ఆగస్టు రెండో వారం

నా బంగారు అల్ఫియా,

నీ ఉత్తరం అందగానే లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వాగు దగ్గరికి పరిగెత్తాను. సమానం గుర్తు తీశాను. తొట్టి మోయించుకుపోయి అక్కడే పరీక్ష చేశాను, కేబుల్ లేకుండా, ఆ లైను లేకుండా. నీళ్లు పోస్తే మోగింది. తోడేస్తే ఆగింది. పోస్తే మోగింది!

హెడ్మాస్టరమ్మకు చెప్పాను. బడి గోడ మీద కాగితం అంటించాను, సైరన్ బాగైంది, మోగితే వాగు దాటకూడదు అని. పిల్లలకు నీ పదకొండో గది కథ చెబితే ఒకటే నవ్వు. ఇప్పుడు క్లాసులో ఎవరి బెంచీ మీద ఎవరు కూర్చున్నా "ప్రమాద మట్టం చెరిపేస్తున్నవ్" అని కొట్లాడుకుంటున్నారు.

ఇక వాన పడటమే తరువాయి. ఇన్నాళ్లూ వాన అంటే భయపడ్డ నేను ఇప్పుడు రోజూ గుట్టల వైపు చూస్తున్నాను.

నీ అహల్య


భూపాలపల్లి
ఆగస్టు రెండో వారం

అహల్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా రాస్తున్నాను. ఫోను చేస్తే అందుబాటులో లేదంటోంది.

ఇవాళ పిల్లలకు నీ ప్రోగ్రామే పాఠంగా చెబుతున్నాను. నీళ్లు తగ్గుతుంటే ఎందుకు మోగిందో బోర్డు మీద రాస్తూ, వాల్యా మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. మొత్తుకుంటె వాగు దిగుతాందన్నట్టు అన్నాడు కదా. గూడెం మొత్తానికి తెలుసు అన్నాడు కదా. అంటే వాళ్లు ఆ తప్పును నేర్చుకున్నారు. మనం దాన్ని సరిచేస్తే, వాళ్లు నేర్చుకున్నది తలకిందులవుతుంది. మోగగానే వాగులోకి దిగుతారు.

నేను అతిగా ఆలోచిస్తున్నానా? ఏమో. మోగితే ఆగాలనేది అందరికీ తెలిసిన సంగతే కదా అని ఒక మనసు అంటోంది. ఇంకో మనసు ఊరుకోవడం లేదు. నువ్వు ఇంకా మార్చకపోతే ముందు గూడేనికి వెళ్లి ప్రతి ఇంట్లో చెప్పు, తరువాతే మార్చు. మార్చేసి ఉంటే, ఈ ఉత్తరం కింద పెట్టి వెంటనే బయలుదేరు.

అల్ఫియా


బాలికల ఆశ్రమ పాఠశాల
ఆగస్టు

అల్ఫియా,

పెంటమ్మ వాగులో పడింది. బతికి ఉంది. ముందు ఇది తెలుసుకుని, తరువాత మిగతాది చదువు.

మొన్న సాయంత్రం. ఇక్కడ చినుకు లేదు. వంతెన మీద పాదాలు తడిసేంత నీళ్లు. పెంటమ్మ ఇంటికి పోవడానికి ఇవతలి ఒడ్డున నిలబడి ఉంది, పక్కనే వాల్యా ఆటో. గుట్టల మీద నుంచి నీళ్లు రావడం మొదలైంది. సైరన్ మోగింది. వాల్యా తరువాత చెప్పాడు, ఆమె అన్నదట, "అగో, మొత్తుకుంటాంది. దిగుతాంది. నడువు వాల్యా, చీకటి గాకముందే పోదాం." ఆమె అడుగు వేసింది. అతను బండి స్టార్ట్ చేశాడు.

నడిమికి పోయేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. ఆమె వెనక్కి తిరిగింది. కాలు జారింది. వంతెన అంచున హద్దు కోసం పాతిన ఇనుప కమ్మీ ఒకటి ఉంది, దానికి తట్టుకుంది. వాల్యా ఆటోలో ఉన్న తాడు విసిరాడు. ఆమె ఒక చేతికి చుట్టుకుంది. బడి వాచ్‌మన్, వాల్యా, నేను కలిసి లాగాం. లాగుతున్నంతసేపూ సైరన్ మోగుతూనే ఉంది. కట్టిన నాటి నుంచి మొదటిసారి సరిగ్గా మోగింది.

చేయి విరిగింది. నీళ్లు మింగింది. మహబూబాబాద్ దవాఖానలో చేర్చారు.

ముందు గూడేనికి చెప్పమన్న నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. దారిలో ఇంకో వాగు పొంగి పోస్టు ఆగిపోయిందట. చదివి మడిచి పెట్టాను.

బడి గోడ మీద కాగితం అంటించానని సంబరంగా రాశాను కదా. గూడెంలో ఎంతమంది ఆ గోడ దగ్గరికి వస్తారు? వచ్చినా ఎంతమంది చదువుతారు? వాల్యా నాతో చెప్పాడు, మంచిగనే ఉన్నది అని. నేను దాన్ని నీకు నవ్వులాటగా రాశాను.

ఇవాళ పొద్దున ఆ సమానం గుర్తు మళ్లీ పెట్టాను. పాత ప్రోగ్రామే నడుస్తోంది. వాళ్లకు తెలిసిన భాష అది. ఏది తప్పో, ఏది ఒప్పో నాకు తెలియడం లేదు. తప్పుగా ఉన్నప్పుడు ఎవరూ పడలేదు.

అహల్య


మహబూబాబాద్
సెప్టెంబర్ మొదటి వారం

అహల్యా,

శనివారం సెలవు పెట్టి ఇక్కడికి వచ్చాను. నువ్వు ముందురోజే వచ్చి వెళ్లావట. దవాఖాన ముందున్న చెట్టు కింద కూర్చుని రాస్తున్నాను.

పెంటమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది. నేనెవరో చెబితే, "మిషిను బాగు చేసింది నువ్వేనా బిడ్డా?" అని అడిగింది. తల దించుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని తల ఎత్తింది.

"నాకొక్కటి సమజ్ గాలే బిడ్డా. అప్పుడు మొత్తుకుంటె పొమ్మన్నట్టు. గిప్పుడు మొత్తుకుంటె ఆగుమన్నట్టు. మొత్తుకునుడు మాత్రం ఒక్క తీరే. గట్లైతె నాకెట్ల ఎర్క?"

నిజానికి నేను కూడా ఆ ప్రశ్న అడగలేదు. గుర్తు సరిచేస్తే అంతా సరి అనుకున్నాను.

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, నువ్వు రాయనిది. సైరన్ మోగగానే నువ్వు బడి మెట్ల మీద నుంచి సంతోషంతో పరిగెత్తుకుంటూ వచ్చి, దూరం నుంచే రెండు చేతులూ ఊపావట. "పంతులమ్మ పొమ్మంటాందనుకున్న. నేను గూడ చెయ్యూపిన" అన్నది. వెంటనే, "గీ ముచ్చట ఆ పిల్లతోని అనకు. నిన్న వచ్చి నా మంచం పట్టుకొని ఒకటే ఏడుపు. మస్తు పరేషాన్ల ఉన్నది" అని నా చేయి గట్టిగా పట్టుకుంది. అనకు అన్నా అంటున్నాను, ఎందుకంటే అది నీ ఒక్కదాని లోపల ఉంటే నిన్ను తినేస్తుంది.

నీ మీద కోపం లేదు. పాత ప్రోగ్రాం మళ్లీ పెట్టావు చూడు, దాని మీద మాత్రం ఉంది. అది "నీళ్లు పోయాయి" అని ఎన్నడూ చెప్పలేదు. "ఇందాకటి కంటే తగ్గాయి" అని మాత్రమే చెప్పింది. గొంతు లోతు నీళ్లు జానెడు దిగినా అది మోగుతుంది. ఇన్నాళ్లూ వాళ్లు జరసేపు ఆగి పోయారు కాబట్టి బతికారు. రేపు ఎవరో ఒకరు ఆగరు. పైగా నువ్వు బోర్డు మార్చినా, ఒక కొత్త లైను రాసినా, ఆ పదకొండో కొలత ఇంకెక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. వాల్యా దాన్ని భాష అనుకుంటున్నాడు. అది భాష కాదు అహల్యా, పూనకం. ఇవాళ ఒకటి, రేపు ఒకటి.

సైరన్ తీసేద్దాం. దానికి మాట నేర్పుదాం. ముందే రికార్డు చేసిన గొంతు వినిపించే చిన్న బోర్డు మా ల్యాబులో ఉంది, పార్సిల్ చేస్తున్నాను. ఏం మాట, ఎవరి గొంతు అనేది నువ్వూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చొద్దు. గూడేనికి పో. నువ్వు ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆ ఒడ్డుకు పోలేదని పెంటమ్మ చెప్పింది.

నీ
అల్ఫియా


బాలికల ఆశ్రమ పాఠశాల, కొత్తగూడ మండలం
సెప్టెంబర్ నెలాఖరు

ప్రియమైన అల్ఫియా,

నువ్వు విన్నది నిజమే. చేతులు ఊపాను. ఆమె తిరిగి ఊపితే, నా సంతోషం ఆమెకు అర్థమైందనుకున్నాను. ఆ తరువాత ఆమె అడుగు వేసింది. చాలాసార్లు రాయబోయి ఆగాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే సైరన్ వైరు పీకేశాను. మరునాడు వాల్యా ఆటోలో గూడేనికి పోయాను. ఇంటింటికీ తిరిగాను. సమానం గుర్తు, పదకొండో గది అని ఎవరికీ చెప్పలేదు. "ఇన్నాళ్లు అది మోగింది నా తప్పు వల్ల, దాన్ని నమ్మకండి" అని మాత్రమే చెప్పాను. కొందరు నమ్మలేదు. "మంచిగున్నదాన్ని ఎందుకు చెడగొడ్తవమ్మా?" అని ఒక ముసలాయన నా మీదే కోప్పడ్డాడు. ఒకామె, "ఇగ మాకు ఏ మిషినూ వద్దు" అని తలుపు వేసుకుంది. ఆమెను తప్పు పట్టలేకపోయాను.

చివరికి ఒక ఇంటి అరుగు మీద పదిమంది చేరారు. నువ్వు పంపిన బోర్డు మధ్యలో పెట్టాం. ముందు నా గొంతు రికార్డు చేశాను. "దయచేసి గమనించండి, వాగు ప్రమాదకరంగా ప్రవహిస్తోంది, దాటవద్దు." వినిపిస్తే అందరూ నవ్వారు. "రైలు టేసన్ల లెక్కనే ఉన్నది. గిది వింటె రైలొస్తాందనుకుంటరు" అన్నాడు వాల్యా. అతను ప్రయత్నిస్తే సిగ్గుతో గొంతు పెగల్లేదు. అప్పటికి పెంటమ్మ దవాఖాన నుంచి వచ్చి కొద్ది రోజులే అయింది. చేయి మెడకు వేలాడుతోంది. ఎవరూ ఆమెను అడగలేదు. తనే ముందుకు జరిగి, "ఏడ మాట్లాడాలె బిడ్డా?" అన్నది.

చూపించాను. ఆమె బోర్డు దగ్గరికి వంగింది. కళ్లు మూసుకుంది. ఆమె ఏం చూస్తోందో నాకు తెలుసు, పక్కన ఉన్నవాళ్లకూ తెలుసు. ఒక్కసారిగా అరిచింది.

"ఓ ఆగుండ్రి! దిగకుండ్రి! వాగొస్తాంది, దిగకుండ్రి!"

పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్లు లేచి బయటికి వచ్చారు. ఎవరో పిల్లను ఎత్తుకున్నారు. ఇంకోసారి రికార్డు చేయాల్సిన పని లేకపోయింది.

ప్రోగ్రాం మొత్తం మళ్లీ రాశాను. గది నంబరు హద్దు దాటుతుందేమో ప్రతిసారీ చూసుకునేలా రాశాను. ఏదైనా అంకె అనుమానంగా కనిపిస్తే కూడా ఆగమనే అరుస్తుంది. ఉత్తగా ఆగినా నష్టం లేదని గూడెం వాళ్లే అన్నారు. అయినా నాకు పూర్తి ధైర్యం రాలేదు. ఎన్నిసార్లు పరీక్షించినా, నేను చూడని పదకొండో గది ఇంకెక్కడో ఉందేమో అనిపిస్తూనే ఉంటుంది. ఇది ఎప్పటికైనా పోతుందా అల్ఫియా? నీకు పోయిందా?

నిన్న వాగు వచ్చింది. పెంటమ్మ బడికి వచ్చి, పని చేయలేకపోయినా కొత్త వంట మనిషికి ఉప్పూ కారం చెప్పి, సాయంత్రం ఇంటికి బయలుదేరింది. నేను వెంట వెళ్లాను. మేము ఒడ్డుకు చేరగానే ఆమె గొంతు స్తంభం మీద నుంచి అరిచింది. వాల్యా బండి ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అవతలి ఒడ్డున ఇద్దరు సైకిళ్లు దిగారు. ఎవరూ నీళ్ల వైపు రాలేదు.

పెంటమ్మ తన గొంతు తానే వింటూ కొంతసేపు నోరు తెరిచి నిలబడింది. "అవ్వో, గంత గట్టిగ మొత్తుకున్ననా?" అన్నది.

ఆ మాటకు వాల్యా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అక్కడే రాయి మీద కూర్చున్నాను.

చాలాసేపటికి అరుపు ఆగింది. ఎవరూ కదల్లేదు. వాల్యా నన్ను చూశాడు.

"టీచరమ్మా, గిప్పుడు సప్పుడు లేదు. పోవాల్నా, ఆగాల్నా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు తెలియదు అనే మాట నోట్లోకి రావడానికి చాలా కష్టమైంది. వచ్చింది.

"నాకు తెల్వదు వాల్యా. అది ఆగుమని చెప్తది గని, పొమ్మని చెప్పదు. నీళ్లను చూద్దాం."

అందరం నీళ్లను చూస్తూ నిలబడ్డాం. వంతెన అంచు రాళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆఖరి రాయి కనబడ్డాక పెంటమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, బాగున్న చేయి నా వైపు చాచింది. ఆ చేయి పట్టుకుని ఆమెను ఇంటి దాకా దింపి వచ్చాను.

నీ అహల్య